ఒక రౌండుకని పోయిన సైకిలు

సందు చివర ఎడమకు తిరిగాడు. కుడికి తిరుగు, బడి ప్రహరీ చుట్టూ ఒక రౌండు వేసి మళ్లీ ఇదే సందులోకి వచ్చేయి అని జాహ్నవి వేలు పెట్టి చూపించింది, నేను రెండుసార్లు చెప్పాను, ఆయన బుద్ధిగా తలూపాడు, తీరా సందు చివరికి పోయి ఎడమకు తిరిగాడు. ఇరవై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషికి కుడి ఎడమలు తెలియక కాదు. ఎడమకు పోతే మెయిన్ రోడ్డు, రోడ్డు మీద బస్సులు, అందుకే పోయుంటాడు. సీటు కింద పట్టుకుని వెంట పరుగెత్తిన నా కుడిచెయ్యి ఇంకా అలాగే వంగి ఉంది. టైము నాలుగూ పది. ఆయన సెల్లు నా సంచిలో ఉంది. ఆయన కళ్లద్దాలు, ఐదింటికి వేసుకోవలసిన మాత్ర కూడా నా సంచిలోనే ఉన్నాయి. నాలుగేళ్లుగా మా ఆయన నరేంద్ర సగం నా సంచిలోనే ఉంటున్నాడు, మిగతా సగం ఇప్పుడు ఎవరిదో పాత గేరు సైకిలెక్కి పుంగనూరు ఊళ్లోకి వెళ్లిపోయింది.

ఎవరిదో ఏమిటి, ఈ జాహ్నవిది. బ్యాంకులో పని, ముప్పై దాటి ఉండవు, కుప్పంలో చదువుకునే రోజుల్లో కొనుక్కుని ఆ చుట్టుపక్కల గుట్టలన్నీ దీని మీదే ఎక్కి దిగిందట. మౌంటెన్ బైక్ అంటుంది తను, మా వీధిలో అయితే గేరు సైకిలే. పొద్దున కుప్పంలో డాక్టరుకు చూపించుకుని మదనపల్లె బస్సెక్కిన వాళ్లం, నేరుగా ఇంటికి పోకుండా పుంగనూరులో దిగింది దీన్ని చూడ్డానికే. చూసి, నచ్చితే కొని, మదనపల్లె యార్డుకు ఖాళీ క్రేట్లతో పోయే టమాటా బండిలో వేసుకుపోదామని అనుకున్నాం. ఆలూ లేదు చూలూ లేదు, ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఆయన బస్సులోనే తేల్చేశాడు, వంటింటి కిటికీ కింద. జాహ్నవి మాత్రం తెరిచిన గేటు దగ్గరే చెప్పేసింది. "పన్నెండేండ్ల బండక్కా ఇది. గేర్లు ఇరవయ్యొకటని రాసుండాది గానీ పడేది ఆరో ఏడో. వద్దనుకుంటే మొగమాటం పడొద్దండి." అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు కానీ, అమ్మే మనిషే లోపాలు చెప్పుకుంటూ పోతే కొనేవాళ్లకు బేరమాడే చోటే ఉండదు.

ఆయనకు పార్కిన్సన్స్. వణుకు తక్కువ, జబ్బంతా పాదాల్లోనే ఉంది. బాగానే నడుస్తూ ఉంటాడు, ముందు ఒక గడప కనిపిస్తుంది, లేదా కాలువ మీద బండ, లేదా నేల మీద ఊరికే ఒక గీత, అంతే, పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఒళ్లు ముందుకు పోతుంది, కాళ్లు రావు, మనిషి పడిపోతాడు. కదిలే బస్సులో, పండగ రద్దీలో, పలమనేరు ఘాటు మలుపుల్లో, దేన్నీ పట్టుకోకుండా టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడిచిన మనిషి. మొదటి ఏడాది నేను ఏడవడం, ఆయన నన్ను కసరడం, అదే పని. ఒకరోజు బాత్రూము గడప దగ్గర పావుగంట నిలబడిపోయాడు, నాకు మార్కెట్టుకు టైమైపోతోంది, విసుగొచ్చి, వెక్కిరింపుగానే, రైట్ రైట్ అన్నాను. కాలు లేచింది. గడప దాటి పోయాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, అప్పుడు నవ్వాం, చాలా రోజుల తరువాత. ఆ పొద్దు నుంచీ మా ఇంట్లో నేనే కండక్టరును. గడపగడపకూ రైట్ రైట్, ఆస్పత్రిలో, పెళ్లిళ్లలో, మనుషులు తిరిగి చూసేచోట చెవిలో మెల్లగా. అది ఒక్కటే వంద మాత్రల పని చేసింది, కానీ అనడానికి నేను పక్కనే ఉండాలి, మూరెడు దూరంలో, ఎప్పుడూ.

నాలుగూ ఇరవై. బడి చుట్టూ అయితే ఈపాటికి రెండు రౌండ్లు అయ్యేవి. ఇప్పుడు కూడా నేనే రైట్ అని పంపాను, అలవాటు, సీటు వదులుతూ నోటికి వచ్చేసింది. పంపడం తెలిసింది కానీ ఆపడం సంగతి ఆలోచించలేదు, అదీ నా తెలివి. ఆయనకు తొక్కడం వచ్చు, దిగడమే రాదు. రెండు నెలల కిందట మా ఎదురింటి రంగనాయకమ్మ గోడకు ఎవరో బారు లేని సైకిలు ఆనించి పెట్టారు. ఆటో దిగి వస్తూ మా ఇంటి ముందు బండ దగ్గర ఈయన పాదాలు ఆగిపోయాయి, పడకుండా ఆ సైకిలు పట్టుకున్నాడు, నేను ఆటో అతనికి చిల్లర వెతుకుతున్నాను. తలెత్తేసరికి వీధి చివర ఉన్నాడు, సైకిలు మీద, వీపు నిటారుగా. నా మొగుడి వీపు అంత దూరం నుంచి చూసి ఎన్నాళ్లయిందో. మలుపు తిరిగి వచ్చాడు, మా గేటు దగ్గర బ్రేకు వేశాడు, కాలు కింద పెట్టాలి కదా, పెట్టలేదు, అలాగే చెట్టు కూలినట్టు పక్కకు కూలిపోయాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది, పడుకునే నవ్వుతున్నాడు. రంగనాయకమ్మ బయటికొచ్చి తాగినాడా అని అడిగింది.

కుప్పం డాక్టరుకు చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "కొందరికి అట్లే ఉంటుందమ్మా. నడవడానికీ తొక్కడానికీ మెదడులో దారులు వేరు. తొక్కనీండి, మంచిదే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక మనిషి ఉండాలి. ట్రాఫిక్కులోకి మాత్రం వద్దు." ఈ పొద్దు కూడా అదే చెప్పి పంపాడు. మొదటిసారి చెప్పినప్పటి నుంచీ మాకు సైకిలు వెతుకులాట. మదనపల్లెలో రెండు అంగళ్లు తిరిగాం, కొత్త గేరు సైకిళ్లన్నిటికీ చక్రాలు పెద్దవి, బారు ఎత్తు, ఈయన కాలు మీదుగా పోదు. ఆడపిల్లల సైకిలు కొందామంటే దానికి టైరు సన్నం, గుంటలో పడితే ఊగుతుంది, పైగా ముందు బుట్ట ఉందని ఈయనకు నామోషీ. వెడల్పు టైరుండాలి, బారు కిందికి వాలి ఉండాలి, చక్రం చిన్నదిగా ఉండాలి. అట్లాంటివి ఇప్పుడు రావడం లేదక్కా, పాతది దొరికితే చూడండి అని సైకిలు మెకానిక్కు గిరిబాబు చెప్పాడు. జాహ్నవి పొట్టి పిల్ల, అందుకని ఇది పొట్టి బండి. పక్కకు వంచి పడుకోబెట్టినట్టు పెడితే ఆయన కాలు బారు మీదుగా దానంతటదే పోయింది. పోయిన కాలును ఆయన చూసుకున్న చూపు చూసి నేను మొహం తిప్పుకున్నాను.

గిరిబాబు నాలుగు సంగతులు చూడమన్నాడు, నాలుగూ చూశాను. రంగు ఉబ్బినచోట గోటితో గీకాను, కింద పగులు లేదు, తుప్పే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద బరువేసి నొక్కాను, దిగలేదు, స్ప్రింగు బిగుసుకుపోయింది. చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఆడుతూ బ్రేకు కట్టకు తగులుతోంది. గొలుసు ముందు పళ్ల మీద పట్టుకుని లాగితే వేలు పట్టేంత లేచింది, అరిగిపోయిందని అర్థమట. ఇవన్నీ అయ్యాక నాకు తెలిసిన ఒక్క పరీక్షా నేను చేశాను. పట్టుగూళ్ల మార్కెట్టులో తూకం దగ్గర నాది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం, ఇప్పుడు ఆయన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకునే చేస్తున్నాను. మా అమ్మ రత్నమ్మ గూళ్లలోంచి దారం తీసే రీలింగులో, వేడినీళ్లలో వేళ్లు పెట్టి దారం కొస వెతికే కూలి. గూడు మంచిదో కాదో పైనుంచి చూస్తే తెలియదే, చెవి దగ్గర పెట్టి ఊపు అనేది. లోపలి పురుగు బాగుంటే ఎండిన కాయలో గింజలా కదిలి చప్పుడు చేస్తుంది, కుళ్లిందైతే గూటికి అతుక్కుని మూగగా ఉండిపోతుంది. ఈ బండిని ఊపడం ఎట్లా, ముందు భాగం జానెడు ఎత్తి వదిలాను, వెనక ఎత్తి వదిలాను, చెవి పెట్టి విన్నాను. తీగలు గొట్టానికి కొట్టుకున్నాయి, గంట కదిలింది, గొలుసు గలగలమంది. పగిలిన కుండ చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. ఆయన అరుగు మీద కూర్చుని జాహ్నవితో అంటున్నాడు. "మా వీణమ్మ బస్సునైనా ఎత్తి చెవికాడ పెట్టుకోని సూసిగానీ ఎక్కదు." నేను వెనక భాగం ఇంకోసారి ఎత్తి వదిలాను.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. గొలుసు వేలు పట్టేంత లేచినప్పుడు నాకు లోపల హాయిగా అనిపించింది. రిమ్ము ఆడినప్పుడూ అంతే. ఇంకొక లోపం, ఇంకొక లోపం దొరికితే బాగుండునని వెతికాను. ఫోర్కు బిగుసుకుపోయిందని తెలిసి, ఇంక చాలు, వద్దని చెప్పేయవచ్చు అనుకున్నాను. అది గిరిబాబు ఒక పూటలో బాగుచేసే సంగతి, ఆ మాటకొస్తే ఊగని ఫోర్కే ఈయనకు మేలు. ఆ సంగతి నాకు తెలుసు. కంటికి కనబడని దూరం తీసుకుపోయే వస్తువును ఇంటికి ఎందుకు తెచ్చుకోవడం అని నాలో ఒక మనిషి బిగదీసుకుని కూర్చుంది. ఆమెది ప్రేమే, కాదని ఎట్లా అంటాను. మార్కెట్టులో ఒక్కోసారి రెండు పురుగులు కలిసి అల్లిన గూడు వస్తుంది. పెద్దగా, గట్టిగా, చూపుకు బాగుంటుంది, రీలింగువాళ్లు మాత్రం ఏరి పక్కన పడేస్తారు, రెండు దారాలూ చిక్కుపడి ఏదీ విడిగా రాదని. మేమిద్దరం అట్లా అయిపోయాం, అనుకుని కాలేదు. పెళ్లయిన కొత్తలో ఈయన తెల్లవారుజామున కుప్పం డ్యూటీకి పోతే ఏ రాత్రికో వచ్చేవాడు, రోజంతా నేనెవరో ఆయన ఎవరో. పోట్లాట కూడా వాయిదా వేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు పోట్లాడితే లేచి పక్క గదిలోకి పోవడానికి కూడా ఆయనకు నేనే రైట్ చెప్పాలి.

జాహ్నవి కాఫీ తెచ్చింది. "రాలేదా అక్కా అన్న ఇంకా? స్కూటీ తీసుకోని సూసొద్దామా?" అడిగింది, తన మొహంలో నాకన్నా ఎక్కువ భయం. కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టుంది మా ముగ్గురి సంగతి, కంద రోడ్డు మీద షికారులో ఉంది. "పది నిమిషాలు సూస్తామమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాలుగూ ముప్పై ఐదు. మెట్టు మీద కూర్చున్నాను. స్టీలు గ్లాసు వేడిగా ఉంది, పెదవి కాలింది, ఊదుకుంటూ తాగాను, ఒక గుక్క, మరో గుక్క. మనసులో మాత్రం ఆయన రోడ్డు మీద ఉన్నాడు, దిగలేక తొక్కుతూనే ఉన్నాడు, బస్టాండు దాటాడు, పలమనేరు వైపు ఎక్కాడు, వెనక లారీ హారను కొడుతోంది, ముందు స్పీడు బ్రేకరు తెల్లగీతలు, ఆ గీతలు చూసి పాదాలు పెడళ్ల మీదే ఆగిపోతే. గ్లాసులోకి చూస్తే అడుగు కనబడింది. కాఫీ అంతా తాగేశాను, వేడిగా ఉండగానే. ఆయనకు చొక్కా మీద ఒలకకుండా తాగించి, మూతి తుడిచి, తరువాత నాది చల్లారినది గొంతులో పోసుకోవడమే నాలుగేళ్లుగా కాఫీ అంటే.

తలెత్తాను. ఎదురింటి డాబా మీద ఎవరో ఎండుమిరపకాయలు ఎత్తుతున్నారు. నీళ్ల ట్యాంకు మీద పావురాలు. మేడ మీద ఒక తలుపు నీలంగా ఉంది, ఆ తలుపు బయట మెట్లు గానీ గోడ గానీ లేవు, ఏ బుద్ధితో పెట్టారో, తెరిచి అడుగేస్తే వీధిలో పడతారు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు తట్టింది, అరగంటగా నేను ఎవరి పాదాలూ చూడలేదని. మదనపల్లెలో ఏ అంగడికి ఎన్ని మెట్లో, ఏ కాలువ మీద బండ కదులుతుందో నాకు కంఠస్థం, ఆ అంగళ్ల బోర్డుల మీద ఏం రాసి ఉందో అడిగితే తెలియదు. నాలుగేళ్లు నేలను చూస్తూ నడిచాను. ఇప్పుడు మొగుడు రోడ్డు మీద, పెళ్లాం కాఫీ తాగి పావురాలను చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది. సిగ్గు వేసింది కానీ బాగుంది, ఇంకాసేపు ఇట్లాగే ఉంటే బాగుండునని కూడా అనిపించింది. ఆయన క్షేమంగా ఉండాలి, క్షేమంగా, అయితే ఇంకాసేపు రాకుండా ఉండాలి. ఇట్లాంటి కోరిక కోరినందుకు దేవుడు ఏం చేస్తాడో అని లేచి నిలబడ్డాను. ఆయనకూ ఇట్లాగే ఉంటుందేమో అని ఆ నిలబడడంలోనే తోచింది. రోజంతా తన పాదాలనే చూసే రెండు కళ్లు ఇప్పుడు లేవు కదా ఆయనకు. ఎడమకు తిరిగింది బస్సుల కోసమో, నా చూపు అందని చోటి కోసమో.

నాలుగూ యాభై ఐదు అయింది, భయం నిజమైన భయమైంది. కోరిక గీరిక అన్నీ పోయాయి. "పదమ్మా, పోదాం," అన్నాను. జాహ్నవి స్కూటీ బయటికి తోసింది, నేను సంచి చంకకు తగిలించుకుని దాని వెనక ఒక కాలు వేసి సందు చివరికి చూశాను. మలుపులో ముందు చక్రం కనబడింది. దాని వెనక ఆయన. సైకిలు మీద లేడు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని తోసుకుంటూ నడిచి వస్తున్నాడు. ప్యాంటు ఒక కాలు గొలుసు నూనెతో నల్లబడింది. మోకాలి దగ్గర దుమ్ము. పడ్డాడు. ఎక్కడో పడ్డాడు, లేచాడు, లేదా ఎవరో లేపారు, లేదా అంగడి గోడకు ఆనుకుని దిగాడు. చక్రం తిరుగుతోంది, దాని పక్కన అడుగులు పడుతున్నాయి, చిన్నవి, తడబడుతున్నవి, అయినా పడుతున్నాయి, ఒకదాని తరువాత ఒకటి, ఎవరూ ఏమీ అనకుండానే. నా కాళ్లు ఎదురు పరుగెత్తబోయాయి. చెయ్యి అయితే ముందే చాపుకుని ఉంది. నేను కనబడితే ఆయన నా వైపు చూస్తాడు, చూస్తే ఆగుతాడు, ఆగితే నేను రైట్ అంటాను. జాహ్నవి చేత స్కూటీకి స్టాండు వేయించి, ముంజేయి పట్టుకుని గేటు లోపలికి లాగాను, అక్కడినుంచి వాకిలి లోపలికి, తలుపు చాటుకు. "బండి మేమే తీసుకుంటాం," అన్నాను ఆ పిల్ల చెవిలో. ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "సరేక్కా," అంది.

తలుపు సందులోంచి గేటు కనబడుతోంది. గేటు ముందు కాలువ, దాని మీద బండ, బండ దాటాక గేటు జారే ఇనుప పట్టా. ఆయనకు రాకూడనివన్నీ ఒకేచోట కట్టించినట్టున్నారు. ముందు చక్రం బండ దగ్గరికి వచ్చి ఆగింది. ఆయనా ఆగాడు. పాదాలు అతుక్కున్నాయి, నాకు తెలుసు, వీపు చూసినా చెప్పగలను, ఇప్పుడు మోకాళ్లు చూస్తున్నాను, అవి సన్నగా కదులుతున్నాయి లోపల ఇంజను తిరుగుతున్నట్టు. నా నోటి దాకా వచ్చింది మాట. పమిట కొంగు పళ్ల మధ్య పెట్టుకున్నాను. జాహ్నవి ఊపిరి నా మెడ మీద తగులుతోంది. ఎంతసేపో తెలియదు. ఆయన సైకిలును కాస్త వెనక్కి లాగాడు, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి, పసిపిల్లను ఉయ్యాల ఊపినట్టు, మూడోసారి ముందుకు తోసేశాడు. చక్రం బండ ఎక్కింది. చక్రం వెంట ఆయన కుడికాలు వచ్చింది. ఎడమకాలు వచ్చింది. ఇనుప పట్టా మీద చక్రం ఠక్కుమంది, అదీ దాటాడు, లోపలికొచ్చాడు, సైకిలును అరుగుకు ఆనించి దాని సీటు మీద చెయ్యి వేసుకుని నిలబడి అటూ ఇటూ చూశాడు. అరుగు ఖాళీగా ఉంది. మెట్టు మీద నా కాఫీ గ్లాసు ఒకటే ఉంది.

"వీణా," అని పిలిచాడు. "ఎనక బ్రేకు అస్సలు పడ్లేదే. యాడుండావు?"

నాలుగేళ్లలో ఆయన నన్ను పిలిచి వెతికింది ఇదే మొదటిసారి. వెతకవలసినంత దూరంలో నేను ఏనాడూ లేను. తలుపు చాటున కొంగు నోట్లోనే పెట్టుకుని, కళ్లు తుడుచుకోకుండా, నేను వెంటనే పలకలేదు, ఇంకొక్కసారి పిలిపించుకుందామని.